శుభ్రమైన చెవి

చెవిలోకి పిచికారీ చేసిన నీళ్లు గిన్నెలోకి జారాయి. బాయిలర్ మేస్త్రీ, పోగొట్టుకున్న వస్తువును వెతికినట్టు వాటిలోకి వంగి చూశాడు.

“ఇంతేనా, డాక్టరమ్మా?”

“ఇంతే.” ఆమె ఎదురుగా కూర్చుని గొంతు పెంచింది. “గులిమి ఆవగింజంత కూడా లేదు. ఈ నూనె ఎవరు పోశారు?”

“మా ఆవిడ. కరుగుతుందని రోజూ తనే పోస్తోంది. బయట కూర్చుంది. ఇంకోసారి చూడండి, లోపలెక్కడో గడ్డకట్టి ఉంటుంది.”

“లేదండీ. నరం దెబ్బతింది. ఆ బాయిలర్ల రొదలో చెవులకి ఏమీ అడ్డం పెట్టుకోలేదా?”

“పెట్టుకుంటే పనెలా సాగుతుంది? ఆవిరి గొట్టానికి ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపం ఉందో లేదో చెప్పేది నేనే. అక్కడ నా మాటే వేదం.”

“వినికిడి ఎప్పుడు తగ్గింది?”

“ఎప్పుడో. చెబితే కడ్డీ లాక్కుంటారని నోరు మెదపలేదు. మొన్నామధ్య కూడా ఆనించి చూసి, ‘ఏ చప్పుడూ లేదు, లోపలికి పోరా’ అన్నాను మా బావమరిదితో. గొట్టం పగిలింది. వాడి మొహం కూడా చూడనివ్వలేదు మమ్మల్ని.”

డాక్టరు చెయ్యెత్తి వారించబోయింది. అతని చూపు గిన్నెలోనే ఉంది.

“ఆ పూటే గులిమి అడ్డుపడిందని మా ఆవిడతో చెప్పాను. నమ్మింది. తమ్ముడు పోయినా నన్నొక్క మాట అనలేదు. ముద్దలుగా వచ్చిందని చెప్పండి, మీకు పుణ్యముంటుంది.”

డాక్టరు అతని భుజం తట్టింది.

“ఆవిడ మీ వెనకే ఉంది.”

“ఎప్పటినుంచి?”

“తలుపు కొట్టే వచ్చింది. చాలాసేపైంది.”

అతను వెనక్కి తిరగలేదు.