నవ్వితేనే ఆపాలి

కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక గ్యారేజీ, ఫిబ్రవరి మధ్యాహ్నం. స్టాండు మీద కెమెరా. దానికి వీపు పెట్టి ఎమెట్, అతనికి ఎదురుగా కుర్చీలో హల్యా.

“ముక్కు మీంచి పెరోగీ జారి నా ఒళ్లో పడింది. నువ్వు చూస్తూనే ఉన్నావు. అప్పుడు కూడా నవ్వు రాలేదా హల్యా?”

“రాలేదు.”

“కొంచెం కూడా?”

“రాలేదని చెప్పానుగా ఎమెట్. ఇంకేదైనా చెయ్యి.”

“ఇంకేం చెయ్యను? మీ అమ్మ బంగాళాదుంప కూరి, కజ్జికాయల్లా మడిచి, ఉడకబెట్టి పంపిన పెరోగీలు డబ్బా మొత్తం అయిపోయాయి. మీసాలు పెట్టుకున్నాను, చెవులకి తగిలించుకున్నాను, రెండింటికి పెళ్లి కూడా చేశాను. పోయినేడు ఇదే పెళ్లికి నువ్వు కుర్చీలోంచి కింద పడ్డావు.”

“పోయినేడు కొత్తగా ఉంది.”

“ఓహో. ఇప్పుడు పాతబడిపోయానన్నమాట.”

“నేనలా అన్నానా?”

“మరెలా అన్నావు? పదకొండేళ్లుగా తీస్తున్నాం ఇవి. నువ్వు నవ్వాలి. నవ్వగానే కెమెరా ఆపాలి. తీసింది తీసినట్టు నెట్‌లో పెట్టాలి. కోత లేదు, అతుకు లేదు, శబ్దం లేదు. జనానికి నీ మొహం, నా వీపు తప్ప ఇంకేం కనబడదు. నేనేం చేస్తున్నానో తెలీక జుట్టు పీక్కుంటారు, నిన్ను చూసి నవ్వుకుంటారు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఒక పాట అయ్యేంతసేపు ఆగగలిగావా నువ్వు?”

“నవ్వితేనే ఆపాలని రూలు పెట్టింది నువ్వే.”

“నువ్వు బండరాయిలా కూర్చుంటావని తెలిస్తే పెట్టేవాణ్ణా?”

“నీళ్లు తాగుతావా?”

“మాట మార్చకు. ఆరింటికి ఆ ఆర్ట్ గ్యాలరీవాళ్ల సైట్లో పడాలిది. మన ఆఖరి వీడియో అని వారం నుంచీ ఊదరగొడుతున్నారు వాళ్లు. ఏం పంపను? పన్నులవాడు ఇంటికొచ్చినట్టు నువ్వు నన్ను చూస్తూ కూర్చున్నదా?”

“పంపు. అదీ కళే.”

“వెటకారమా?”

“నిజంగానే. ఆ టొరంటో ప్రొఫెసర్ మన గురించి ఏం రాసిందో చదవలేదా? మన వీడియోల్లో నిశ్శబ్దమే అసలు సంగతి అట.”

“ఆ నిశ్శబ్దంలో నేను కోడిలా ఒంగి గుడ్డు పెడుతుంటానని ఆవిడకి తెలీదుగా. ఇవాళ కూడా పెట్టాను. నువ్వు ఆ గుడ్డుని మీ బ్యాంకు మేనేజరుని చూసినట్టు చూశావు.”

“బాగానే పెట్టావు గుడ్డు.”

“బాగానే పెట్టానా? అదా నువ్వనాల్సిన మాట? సరే, ఇటు చూడు. నీ మాట ముద్దగా వస్తోందేం?”

“చలి. నీ హీటరు ఎప్పుడు పనిచేసింది గనక.”

“ఇదిగో, ఈ నారింజ తిను. మొహంలోకి కాస్త ప్రాణం వస్తుంది.”

“వద్దు.”

“రెండు తొనలు.”

“వద్దంటున్నానా. పులుపు.”

“నారింజకి ప్రాణం పెట్టేదానివి, నీకు పులుపా?”

“ఇవాళ వద్దు, అంతే.”

“నాకర్థమైంది. కాల్గరీ వాళ్లు ఉద్యోగంతో పాటు ఈ మొహం కూడా ఇచ్చారు నీకు.”

“అదిగో, మొదలెట్టావు.”

“రేపు పొద్దున్నే బండెక్కుతావు. చమురు కంపెనీలో కూర్చుని హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో, మెట్లెలా దిగాలో వీడియోలు తీస్తావు. అక్కడ నవ్వడం నేరమేమో, ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకుంటున్నావు.”

“మెట్లు దిగడం కూడా జనానికి ఎవరో ఒకరు చెప్పాలిగా.”

“చూశావా, ఇప్పుడు జోకేశావు. నీ జోక్కి నీకే నవ్వు రాలేదు.”

“పళ్ల డాక్టరు బిల్లుకి భయపడక్కర్లేని ఉద్యోగం కావాలి ఎమెట్ నాకు. ఇన్నేళ్లొచ్చాయి. నీకీ ముక్క ఎన్నిసార్లు చెప్పాను?”

“నేను వెళ్లొద్దన్నానా?”

“అనలేదు.”

“మరి?”

“అనలేదు. అదే చెప్తున్నా.”

“అంటే ఏంటి?”

“ఏం లేదు. మొదలెట్టు. ఆ బకెట్టు పెట్టుకో నెత్తిన.”

“బకెట్టు అయింది. దాన్ని తిరగేసి కూడా పెట్టుకున్నాను. నాకు విసుగొచ్చింది హల్యా, నిజంగా విసుగొచ్చింది. చొక్కా అంతా వెన్న. మోకాళ్లు పీకుతున్నాయి. నువ్వేమో చూస్తున్నావు, చూస్తున్నావు. ఇన్నేళ్లూ నువ్వు నవ్వింది నా మీద జాలితోనా?”

“కాదు.”

“అన్నీ దొంగ నవ్వులేనా?”

“కాదన్నానుగా.”

“అయితే ఇవాళ ఒక్క దొంగ నవ్వు నవ్వు. నాకోసం. ఆపేసి వాళ్లకి పంపేద్దాం.”

“నవ్వను.”

“ఇందాక రావట్లేదన్నావు. ఇప్పుడు నవ్వనంటున్నావు.”

“ఏదో ఒకటి.”

“ఏదో ఒకటేంటే? సరే. నేనే ఆపేస్తా.”

“కూర్చో.”

“రూలూ లేదు, గీలూ లేదు. పదకొండేళ్లు చేశాం, చాలు.”

“ఎమెట్, కెమెరా దగ్గరికి వెళ్లకు.”

“ఎందుకని?”

“వెళ్లకంతే. ఇంకొక్కటి చెయ్యి. కోడిది మళ్లీ చెయ్యి, ఇందాక నాకు సరిగ్గా కనబడలేదు.”

“సరిగ్గా కనబడకపోవడం ఏంటి, నీ కాళ్ల దగ్గరే పెట్టాను గుడ్డు... హల్యా.”

“ఊఁ.”

“ఇది నడవట్లేదు.”

“ఊఁ.”

“ఎర్ర లైటు లేదు. బ్యాటరీ చచ్చి కూర్చుంది. ఎప్పట్నుంచి?”

“పెరోగీల పెళ్లప్పటి నుంచి. పెళ్లికొడుకు పారిపోయాడు చూడు, అప్పుడు ఆరిపోయింది.”

“అంటే బకెట్టు, కోడి, ముక్కు మీది పెరోగీ, ఏదీ లేదా ఇందులో?”

“లేదు.”

“నాకు వెనకుంది, నాకు కనబడదు. నీకు ఎదురుగానే ఉందిగా లైటు.”

“ఉంది.”

“చూశావా ఆరిపోవడం?”

“చూశాను.”

“చూసి నోరు మూసుకున్నావా? నన్ను ఇంతసేపు నేల మీద దొర్లించి... ఎవరి కోసం చేశాను నేనిదంతా?”

“నా కోసం.”

“నవ్వే రానిదానివి, ఏం చూశావే ఇంతసేపు?”

“ఇలా రా. ఆ బల్బు ఇటు తిప్పు. నోరు తెరుస్తా, బుగ్గ లోపల చూడు.”

“ఇదేంటి, రక్తం. పుండు పడిపోయింది. ఏంటిది హల్యా?”

“కొరుక్కున్నాను, మొదటి పెరోగీ నుంచీ. నవ్వితే ఆపేస్తావుగా.”