ముప్పై ఒక్క చార్జర్లూ ఒక ఎర్తు వైరూ

సభకు అధ్యక్షత వహిస్తున్న పన్నుల అధికారి గారికి, ఒళ్ళో పూలగుత్తి పెట్టుకుని ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్న ఈ రోజుతో పన్నుల ఆఫీసు నుంచి రిటైరవుతున్న మన సన్మానితురాలు గుమాస్తా అమ్మగారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, టీ అటువైపు నుంచే వస్తుందని కనిపెట్టి వెనక వరుసలో సర్దుకున్న మిత్రులకు, కరెంటు మేస్త్రీ నమస్కారాలు. నేను మైకు పట్టుకోగానే మూడో వరుసలో మా ఆవిడ స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టింది. ఆవిడకు అనుభవం ఉంది. (నవ్వులు)

నన్ను ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. వారంలో ఆరు రోజులు వైర్లు లాగుతాను, ఏడో రోజు ప్రార్థన హాల్లో వాక్యం చెబుతాను. రెండూ నాకు ఎవరూ నేర్పలేదు. ఒకటి షాకులు తిని నేర్చుకున్నాను, ఇంకొకటి కన్నీళ్ళు కార్చి నేర్చుకున్నాను. పన్నులు వసూలు చేసేవాళ్ళకు గ్రంథంలో మంచి పేరు లేదని మీకు తెలుసు. వాళ్ళలో ఒక పొట్టాయన దేవుని మనిషిని చూడాలని చెట్టెక్కాడు, ఇంకొకాయన ఒక్క పిలుపుకే వసూళ్ళ బల్ల వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. మన అమ్మగారు చెట్టెక్కలేదు, బల్లా వదల్లేదు. ముప్పై నాలుగేళ్ళు అదే కుర్చీలో కూర్చుని, తప్పున్న ప్రతి కాగితాన్నీ ఎర్రసిరాతో తిప్పి పంపారు. అందుకే మనమంతా ఆవిణ్ణి చాటున 'ఎర్రసిరా' అంటాం. అమ్మా, మీకు తెలుసనే అనుకుంటున్నాను. (గుమాస్తా అమ్మగారు తల ఊపారు. నవ్వులు)

ఇక నా సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట ప్రభుత్వం వారు ఒక చల్లని కబురు చెప్పారు. కరెంటు బండి ఉన్నవాళ్ళు ఇంటి దగ్గర గానీ పనిచేసే చోట గానీ చార్జర్ పెట్టించుకుంటే, ఆ ఖర్చులో కొంత భాగాన్ని ఆ ఏటి పన్నులో తగ్గిస్తామన్నారు. నేను ఆ ఆదివారమే దాన్ని ప్రసంగంలో కలిపేశాను. పదిమంది కన్యకలు దీపాలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం కూర్చున్నారు, ఐదుగురి దగ్గర నూనె ఉంది, ఐదుగురి దగ్గర లేదు, తలుపు మూసేశారు! "నీ బండిలో చార్జు ఎంతుంది?" అని గర్జించాను. వెనక బెంచీల వాళ్ళు ఏడ్చారు కూడా. మర్నాడు పొద్దున్నే ఎనిమిది మంది ఫోన్లు చేసి చార్జర్లు బిగించమన్నారు. నవ్వకండి, నేను వ్యాపారం కోసం చెప్పలేదు; వచ్చిన వ్యాపారాన్ని మాత్రం కాదనలేదు.

బేకరీ వెనక ఒకటి, టైలరు గారి ఇంటి మెట్ల కింద ఒకటి, మా బావమరిది షెడ్డులో ఒకటి, పసిపిల్లల బడి వాకిట్లో ఒకటి, అలా మొత్తం ముప్పై ఒకటి బిగించాను. పన్ను తగ్గాలంటే బిగించిన మేస్త్రీ ఒక కాగితం ఇవ్వాలి. "పనంతా నిబంధనల ప్రకారం చేశాననీ, ఎర్తు పరీక్షించాననీ ప్రమాణం చేస్తున్నాను" అని అందులో అచ్చు వేసి ఉంటుంది. నా పెన్ను అక్కడ ఆగిపోయింది. ఆకాశం మీద గానీ భూమి మీద గానీ, ఆఖరికి నీ తల మీద గానీ ఒట్టు పెట్టుకోవద్దని గ్రంథం చెబుతుంది. పన్నుల కాగితానికి మినహాయింపు ఉందేమోనని వెతికాను, లేదు. అందుకని ముప్పై ఒక్క కాగితాల మీదా 'ప్రమాణం' కొట్టేసి, పక్కన లావుపాటి అక్షరాలతో "చేశానంటే చేశాను" అని రాసి సంతకం పెట్టాను.

ముప్పై ఒకటీ కట్టగా తిరిగొచ్చాయి. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో "కొట్టివేత చెల్లదు". ఏడాది ముగియడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి, ఆ తర్వాత ఎవరికీ పన్ను తగ్గదు. బేకరీ ఆయన దారిలో ఆపి, "మేస్త్రీ, నన్ను పరలోకం తర్వాత చేర్చుదువుగాని, ముందు ఈ కాగితం చేర్చు" అన్నాడు. బావమరిది ఇంటికే వచ్చాడు.

"బావా, ఒక్క ఒట్టు పెడితే నీ నాలుక ఊడిపోతుందా?"

"ఊడదురా, కాలుతుంది."

"మా అక్క వంటకే కాలనిది!" (నవ్వులు. మా ఆవిడ అల్లిక ఆపి వాడి వైపు చూసింది.)

సరే, పన్నుల ఆఫీసుకు బయల్దేరాను. మైకు లేకుండా నాలుగు వందల మందికి వినిపించే గొంతు నాది. అమ్మగారి బల్ల ముందు నిలబడి దాన్నంతా వాడాను. "మనుషుల చట్టం పెద్దదా, దేవుని ఆజ్ఞ పెద్దదా, చెప్పండి!" అన్నాను. ఆఫీసంతా ఇటు తిరిగింది. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని అడిగారు: "టోకెన్ తీసుకున్నారా?" (నవ్వులు, చప్పట్లు)

తీసుకున్నాను. నలభై నిమిషాలు కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి ఆవిడ లావుపాటి నిబంధనల పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నారు. "మేస్త్రీ గారూ, ఇదీ మీ గ్రంథమంత లావే. దీన్నీ ఎవరూ పూర్తిగా చదవరు. ఒట్టు ఇష్టం లేనివాళ్ళు 'ధ్రువీకరిస్తున్నాను' అని రాయొచ్చు, దానికి వేరే ఫారం ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు." బీరువా అడుగు నుంచి ఒక కట్ట తీసి దుమ్ము దులిపి ఇచ్చారు. స్తోత్రం అని అరవబోయి టోకెన్ గుర్తొచ్చి మానుకున్నాను. రాయడానికి కూర్చుంటే ఆవిడే ఆపారు.

"ఒక్క నిమిషం. చట్టానికి ఈ రెండూ ఒకటే. మీకే తేడా ఉందన్నారు, అందుకని అడుగుతున్నాను. ముప్పై ఒక్క చోట్లా ఎర్తు చూశారా?"

మిత్రులారా, ఇరవై ఏళ్ళుగా జనాన్ని నిలదీస్తున్నవాణ్ణి. అవుననడానికి నోరు తెరిచాను, పసిపిల్లల బడి గుర్తొచ్చింది. అక్కడ బిగించిన రోజు సాయంత్రం నాకు కూటంలో ప్రసంగం ఉంది. చిన్న పనుల్లో నమ్మకంగా ఉండడం గురించి. ఆలస్యమవుతోందని, ఎర్తు చూసే మీటరు సంచిలోంచి తీయకుండానే పరుగెత్తాను.

"ముప్పై చోట్ల చూశాను" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. ముప్పై ఫారాలు నాచేత రాయించి తన ముందు ఉంచుకుని, ఒకటి ఖాళీగా నా వైపు జరిపారు. "ఆరింటిదాకా ఉంటాను."

బడికి వెళ్ళి చార్జర్ మూత విప్పి చూస్తే, షాకు కొట్టకుండా కాపాడే ఎర్తు వైరు బిగించాల్సిన చోట లేదు, ఊరికే వేలాడుతోంది. ఆ ఇనుప పెట్టె సరిగ్గా నాలుగేళ్ళ పిల్ల భుజం ఎత్తున ఉంది. మెయిను ఆపేసి, ఒక బుల్లి మూడు చక్రాల సైకిలు పక్కన నేల మీద కూలబడ్డాను. నాకు ఆ పూట ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు. బడి అమ్మగారు బయటికొచ్చి, "ఏమైంది మేస్త్రీ గారూ?" అన్నారు. "ఏం లేదమ్మా, ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాను. ఒట్టు పెట్టనని అంత రాద్ధాంతం చేసినవాణ్ణి, అబద్ధం ఎంత సులువుగా ఆడానో చూడండి.

వైరు బిగించి, మూడుసార్లు పరీక్షించి, ఆరుకు పది నిమిషాల ముందు ఫారం ఇచ్చాను. అందరికీ పన్ను తగ్గింది. గుమాస్తా అమ్మగారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ నేను ఏ పని మీద ఆ ఆఫీసుకు వెళ్ళినా తల ఎత్తకుండా అడిగేవారు, "బడి అమ్మగారికి చెప్పారా?" అని. "చెబుతాను" అనేవాణ్ణి. రేపటి నుంచి అలా అడిగేవాళ్ళు ఉండరు. అడిగేవాళ్ళు లేకపోతే నేను ఎన్నటికీ చెప్పను, నన్ను నేనెరుగుదును.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఆరో వరుసలో ఉన్న బడి అమ్మగారూ, మీ పిల్లలకు ఏమీ కాలేదంటే అది నా గొప్ప కాదు. తప్పు నాది, దాచింది కూడా నేనే. ఇకమీదట మీ వాకిలి తొక్కవద్దంటే తొక్కను.

(బడి అమ్మగారు లేచి నిలబడ్డారు.)

చెప్పండమ్మా, మైకు అక్కర్లేదు.

"మీటరు తెచ్చారా?"

బండిలో ఉందమ్మా.

"అయితే పదండి. ఈసారి పక్కన నిలబడి నేను చూస్తాను."

"బావా, మా షెడ్డుది కూడా!" (నవ్వులు)

అధ్యక్షుల వారు క్షమించాలి. నా ప్రసంగంలో ఇంకా పదకొండు పేజీలున్నాయి, బడి అమ్మగారు అప్పుడే తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు. గుమాస్తా అమ్మగారూ, నా మాటను నాకంటే జాగ్రత్తగా చూసుకున్నందుకు మీకు రుణపడి ఉంటాను. ఇంత ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. వస్తున్నానమ్మా, వస్తున్నాను. సెలవు.