ఫిజిక్స్ మేడం పంపిన లెక్క

ధర్మవరం, శనివారం మధ్యాహ్నం. వంటింటి గడప దగ్గర కళావతి, తొమ్మిదో తరగతి చదివే ఆమె కూతురు రోజా. ముందు గదిలో తండ్రి చంద్రమోహన్ చీర నేస్తున్నాడు.

"అట్లయితే గుద్దుకుంటాయి కదే."

"గుద్దుకోవు మా. కలుసుకుంటాయి."

"ధర్మవరం నుంచి ఒక బండి, హిందూపురం నుంచి ఒక బండి, ఎదురెదురుగా వస్తాండాయి. కలుసుకోని ఏం చేస్తాయి, కాఫీ తాగుతాయా?"

"లెక్కలో కలుసుకుంటాయి. అంతే. లెక్కలో ఎవురూ చచ్చిపోరు."

"రెండూ ఒకే పట్టా మీద వస్తాండాయా, వేరే వేరే పట్టాలా? అది రాసుండాదా?"

"పట్టాల సంగతి ఈడ లేదు."

"అదే చెప్తాండా. ముఖ్యమైంది వదిలేసి గంటకు ఎంత, గంటకు ఎంత అని అడుగుతాండారు. సిగ్నలు చూసేటోడు మేలుకోనుండాడా లేదా, అది అడగరు."

"నీకు చెప్పేదానికన్నా ఆ ఇంజన్లకు చెప్పేది సులభం."

"చెప్పు మల్ల. రేపు నువ్వు పెనుకొండకు పోతానంటాండేది ఆ బండిలోనే కదా."

"ఆ బండి వేరే మా, లెక్కలో బండి వేరే."

"పొద్దున ఎనిమిదికి ధర్మవరంలో ఎన్ని బండ్లు బయలుదేరుతాయే?"

"ఒక్క దినం మా. పొద్దున పోయి మధ్యాన్నానికి వచ్చేస్తా. స్పెషల్ క్లాసు. మోషన్ చాప్టరు మొత్తం చెప్తారంట. సోమవారం పరీక్ష కదా."

"ఈ ఊర్లో బడి ఉండె, బడిలో సార్ ఉండె. పెనుకొండకు పోతే చాప్టరు మారుతుందా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే."

"ఏడో తరగతి దాకా చదివినా. అర్థమయ్యేటట్ల చెప్పు. నాకు అర్థమైతే పంపిస్తా."

"నిజంగానా?"

"చెప్పు ముందు. మాట తప్పేది తర్వాత చూసుకుందాం."

"సరే. మొదట దూరం వేరే, స్థానభ్రంశం వేరే."

"ఏమే ఆ మాట? ఆసుపత్రిలో స్కానింగు కాగితం మీద రాసేది మాదిరి ఉండాది."

"రోగం కాదు మా. నాయన మగ్గంలో నాడె చూస్తాండావు కదా. ఎడమ పక్క నుంచి కుడికి పోతాది, కుడి నుంచి ఎడమకు వస్తాది. సాయంత్రం దాకా ఎన్ని మైళ్లు తిరిగినా, ఆఖరికి బయలుదేరిన చోటికే వచ్చింటే దాని స్థానభ్రంశం సున్నా."

"సున్నానా?"

"సున్నా."

"పో, మీ నాయనకు చెప్పిరా. పొద్దున్నుంచి చేసిందంతా సున్నా అని. అప్పుడు ఎవురికి ఏది భ్రంశమవుతాదో బాగా అర్థమవుతాది."

"నేనంటాండేది నాడెను. నాయనను కాదు."

"పొద్దున లేసి కొళాయి కాడికి పోయి, అంగడికి పోయి, మిద్దె మీదికి పోయి, మల్లా ఈ పొయ్యి కాడికే వస్తా. నాది గూడా సున్నానే?"

"నీది గూడా సున్నానే."

"ఈ పాఠం రాసినోడు కచ్చితంగా మొగోడే. సరే, తర్వాత?"

"గ్రాఫు. ఇట్ల అడ్డంగా కాలం, ఇట్ల నిలువుగా దూరం. గీత పైకి పోతాంటే వస్తువు కదులుతాండాదని. గీత అడ్డంగా పడుకోనుంటే వస్తువు నిలబడుండాదని."

"పడుకోనుంటే నిలబడినట్లా?"

"అవును."

"మీ బడికి దుడ్లు కట్టి తప్పు చేసినాం."

"మా, రోంత సేపు గమ్మున విను. మొదట ఉండే వేగం యూ, చివర ఉండే వేగం వీ. మధ్యలో త్వరణం ఏ. వీ ఈజీక్వల్టు యూ ప్లస్ ఏటీ."

"తోరణమా?"

"త్వరణం. వేగం ఎంత తొందరగా పెరుగుతాంది అనేది. నాయన అరిచేటప్పుడు మెల్లగా మొదలుపెట్టి, రోంత సేపటికి వీధి చివర దాకా వినపడతాడు కదా. అదీ త్వరణం."

"మెల్లగా ఎప్పుడు మొదలుపెట్టినాడే ఆయన? మొదటి వేగమే నూరు."

"అర్థమైంది కదా నీకు. చూడు, బాగా అర్థమైంది. ఇప్పుడు ఈ బండ్ల లెక్క. దీంట్లో త్వరణం గూడా లేదు. ధర్మవరం బండి గంటకు నలభై ఐదు, హిందూపురం బండి గంటకు ముప్పై ఐదు. మధ్యలో ఎనభై కిలోమీటర్లు. ఎదురెదురుగా వస్తాండాయి కాబట్టి రెండు వేగాలూ కూడల్ల. నలభై ఐదూ ముప్పై ఐదూ ఎనభై. ఎనభైని ఎనభైతో భాగిస్తే ఒకటి. ఒక గంట."

"ఎనిమిదికి బయలుదేరితే తొమ్మిదికి."

"తొమ్మిదికి. ధర్మవరం నుంచి నలభై ఐదు కిలోమీటర్ల కాడ."

"నలభై ఐదు కిలోమీటర్లంటే పెనుకొండ."

"ఆ... ఉజ్జాయింపుగా."

"రేపు తొమ్మిదికి, పెనుకొండలో."

"రేపు అని ఎవురన్నారు?"

"ఈడ రాసుండాది కదే. 'ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు.' లెక్కలో ఆదివారం ఏంటికి? శనివారమైతే బండికి చక్రాలుండవా?"

"ఊరికే రాసింటారు. లెక్కలిచ్చేవాళ్లు అట్లనే రాస్తారు."

"ఎవురిచ్చినారు?"

"ఫిజిక్స్ మేడం. నాయన ఫోనుకు పంపిస్తే నేను నోట్సులోకి ఎక్కించుకున్నా."

"మీ బడిలో ఫిజిక్స్ చెప్పేది తిరుపాల్ సార్ కదా."

"ఆయనా చెప్తాడు. మేడం గూడా చెప్తాది."

"యాడ మేడం? తిరుపాల్ సార్ మీసాలు తీసేసి చీర కట్టుకున్నాడా?"

"కొత్త మేడం మా. ఆన్‌లైను."

"పేరేమి?"

"పేరు... మేం మేడం అనే పిలుస్తాం."

"రోజా. నా మొగం చూసి చెప్పు. పిల్లోడెవుడు?"

"ఏ పిల్లోడు?"

"మొన్న నీ వయసు పిల్లే ఒకతి, ఇట్లనే హోంవర్కు హోంవర్కు అని ఫోను పట్టుకోని, ఆఖరికి బెంగళూరులో పోలీసు స్టేషన్లో తేలింది."

"యాడ జరిగింది అది? ఎవురా పిల్ల?"

"యాడో ఒక చోట జరిగింటాది. జరక్కుండా ఉంటాదా?"

"అబ్బ. పిల్లోడు లేడు గిల్లోడు లేడు."

"సరే, లేడు. ఆ ముందు పేజీలో ఇంకో లెక్క ఉండాదే, అది గూడా మేడమే ఇచ్చిందా?"

"యాది? అది వద్దు మా. అది పాత పాఠం."

"చదువు."

"పరీక్షలో రాదు అది."

"నాకు వస్తాదేమో. చదువు."

"'ఒక వస్తువు ద్రవ్యరాశి మొదట నలభై ఆరు కిలోలు. అది నెలనెలా పెరుగుతూ ఏడు నెలలకు యాభై రెండు కిలోలయింది. ఇదే విధంగా పెరిగితే తొమ్మిదో నెల ముగిసేసరికి ఎంత అవుతుంది?'"

"ద్రవ్యరాశి అంటే?"

"బరువనుకో."

"ఏం వస్తువే అది, నెలనెలా బరువు పెరిగేది?"

"ఏదో ఒక వస్తువు. ఫిజిక్స్‌లో అన్నీ వస్తువులే."

"తొమ్మిదో నెలకే లెక్క ఏంటికి ఆపినారు? పదో నెలలో ఆ వస్తువు ఏమైతాది?"

"నాకు తెల్దు. సిలబస్సు అంతవరకే."

"ఏడు నెలలకు ఆరు కిలోలేనా పెరిగేది? ఆ వస్తువు అన్నం తింటాండాదా లేదా?"

"మా..."

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను తొమ్మిది కిలోలు పెరిగినా. అది గూడా తక్కువేనని నర్సమ్మ తిట్టింది. దానికి ఆడ ఎవురు పెడతాండారు? రక్తం పరీక్ష చేయించినారా? కాళ్లు వాపులున్నాయేమో అడిగినావా?"

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పొద్దున నీ నోట్సు సర్దుతూ చూసినప్పట్నుంచి. తొమ్మిది నెలల లెక్క చదివి గూడా తెలియకపోతే నేను ఇద్దరిని ఎట్ల కన్నానే?"

"మరి పిల్లోడెవుడని ఏంటికి అడిగితివి?"

"నీ అబద్ధం ఎన్ని కిలోమీటర్లు పోతుందో చూద్దామని."

"అక్కే మా. ప్రమోదక్కే. గట్టిగా అనొద్దు, నాయన వింటాడు."

"గట్టిగా అనేదా? ఏడాదిన్నర నుంచి ఆ పేరు ఈ ఇంట్లో మెల్లగా గూడా అనలేదు. ఆ రొళ్ల ఊరి పిల్లోడిని పెండ్లి చేసుకోని అది పోయిన దినం మీ నాయన ఏమన్నాడు? ఇంకొక సారి దాని పేరు వినపడితే మగ్గం మీద పోగులన్నీ కోసేస్తా అన్నాడు. అన్నాడంటే చేస్తాడు. కత్తెర గూడా నేను దాచిపెట్టినా."

"అందుకే కదా అక్క లెక్కల మాదిరి రాసేది. ఇంట్లో ఉండేది నాయన ఫోను ఒకటే. దాంట్లో నేనే 'ఫిజిక్స్ మేడం' అని పేరు పెట్టినా. నాయన తెరిచి చూసినా పాఠం అనుకోని మూసేస్తాడు."

"ఎంత తెలివి. పరీక్ష దినం ఈ తెలివి యాడికి పోతాది?"

"మారుతి బావ దాన్ని హిందూపురం నుంచి పెనుకొండ దాకా పిల్చుకొస్తానన్నాడంట. ప్లాట్‌ఫారం మీదనే కూచోని ఒక్క గంట మాట్లాడి వచ్చేస్తా. నీకు అర్థమైతే పంపిస్తానన్నావు కదా. అర్థమైంది కదా నీకు."

"అర్థమైంది కాబట్టే వద్దంటాండా. ఏడో నెలలో, ఆదివారం జనంలో, సీటు దొరక్కపోతే? నిలబడి రావల్లంటే? దిగేటప్పుడు వెనక నుంచి ఎవుడన్నా తోస్తే?"

"అందరూ ఎక్కి దిగుతాండారు మా."

"అందరూ నా బిడ్డలా?"

"అయితే నువ్వు గూడా రా. చూడాలని లేదా నీకు?"

"చూడాలని ఉండాదో లేదో నన్నడగొద్దు. ఇద్దరం లేకపోతే మీ నాయన ఊరుకుంటాడా? వెతుక్కుంటా స్టేషనుకు వస్తాడు. ఆడినుంచి పెనుకొండకు వస్తాడు. పదిమందిలో దాన్ని ఒక మాట అంటే? అది ఏడిస్తే? ఈ నెలల్లో ఏడవకూడదు. వద్దు. ఎవురూ యాడికీ పోవద్దు. దాన్ని గూడా రావద్దని చెప్పు. ఆ మెసేజులు తీసేయ్."

"మా, పాపం అది ఎన్ని దినాల నుంచి..."

"తీసేయ్ అన్నా. ఆయన కంట్లో పడేలోపల. ఫోను యాడుండాది?"

"ఈడే, ఛార్జింగులో. ఉండు... మా."

"తీసేసినావా?"

"మా, దీంట్లో లెక్కకు జవాబు పోయుండాది."

"నువ్వే కదా పంపింటావు."

"నేను నోట్సులో చేసినా. పంపలేదు. నువ్వు పంపినావా?"

"నాకు చదివేదొచ్చు గాని ఆ బొత్తాలు నొక్కేది రాదు. ఎప్పుడు పోయింది?"

"పొద్దున ఐదున్నరకు."

"ఐదున్నరకు మనమిద్దరం లేయనే లేదు కదే."

"లేయలేదు."

"మగ్గం శబ్దం ఆగిపోయింది. ఆయన లేస్తాండాడు. తొందరగా చదువు, ఏమని ఉండాది?"

"'మేడం గారికి. మీరు ఇచ్చిన లెక్క తప్పు. హిందూపురం బండి బరువుతో ఉండాది, దాన్ని కదిలించొద్దు. యాడుండాదో ఆడే ఉండమనండి. ఆదివారం ఎనభై కిలోమీటర్లూ ధర్మవరం బండే వస్తాది.'"