ఫుసాయె పడవ ప్రాణం

సముద్రం మీదికి ఒంటరిగా వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పాలే ఆవిడకి? చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఇదిగో, నీ అన్నం. టీ కాస్త చల్లారింది, సర్దుకో. తెల్లారకుండానే ఆవిడ వచ్చి గుమ్మంలో కూర్చుంటే నేను నీళ్లెప్పుడు కాచుకోను?

ఫుసాయె సంగతే చెప్తున్నా. తొకుజో పెళ్లాం. నలభై ఏళ్లుగా విధవరాలే అనుకో, అయినా మనకి తొకుజో పెళ్లామేగా.

బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనిచ్చావా షిగెనో? ఇవాళ బాన్ పండగ ఆఖరి రోజు. సాయంత్రం నీళ్లలో దీపాలు వదిలితే, పండక్కి ఇళ్లకొచ్చిన మీ పోయినవాళ్లంతా వెళ్లిపోతారు. వెళ్లేలోపు ఇది విని వెళ్లు.

పోయిన చలికాలం వచ్చింది ఆవిడ. "మేస్త్రిగారూ, మా ఆయన పడవ బాగుచేసి పెట్టండి, ఈ బాన్‌కి అందులోనే వెళ్లి ఆయన దీపం వదలాలి" అంది. వెళ్లి చూశాను. షెడ్డు కప్పు తుఫానుకి ఎగిరిపోయి రెండేళ్లయిందట. బొటనవేలితో నొక్కితే చెక్క టోఫూలా దిగబడింది. అమ్మా, దీన్ని బాగుచెయ్యడమంటే కొత్తది కట్టడమే, ఆ డబ్బుకి ఫైబరు పడవలు రెండొస్తాయి అన్నాను. సరే అని తలూపి వెళ్లిపోయింది. బుద్ధి వచ్చిందనుకున్నాను. వారం తిరక్కుండా కొండవాలు మీద నారింజ తోట అమ్మేసి వచ్చింది.

ఆ తోట నీకు గుర్తుందా? మొగుడు పోయాక ఒక్కత్తీ నాటుకుంది. కింది బావి నుంచి కావిడితో నీళ్లు మోసింది. అదే ఆవిడకి కూడూ గుడ్డా.

ఒక్కసారి దీపం వదలడానికి తోట అమ్ముకుంటారా అని అడిగాను. "ఆ పడవలో నా జుట్టుంది మేస్త్రిగారూ" అంది. అంతే. ఆ రోజే పని ఒప్పుకున్నాను.

నీకు తెలుసుగా మా పద్ధతి. తెరచాప కొయ్య దిగే దిమ్మలో చిన్న గుంట తొలుస్తాం. రెండు కాయితం బొమ్మలు, రెండు పాచికలు, గుప్పెడు గింజలు, పడవ గలాయన భార్య జుట్టు. పెట్టి మూత బిగిస్తే అదే పడవకి ప్రాణం. మేస్త్రి ఒక్కడే పెట్టాలి, ఇంకెవరూ చూడకూడదు. గాలివాన వచ్చే ముందు అది కీచురాయిలా సన్నగా కూస్తుందని ఈ దీవిలో ప్రతివాడూ బయల్దేరే ముందు దిమ్మకి చెవి ఆనిస్తాడు.

తొకుజో కూడా ఆనించాడు ఆ పొద్దున. ఏ చప్పుడూ లేదు, ఇవాళ మంచి రోజు అని పెళ్లాంతో చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మూడో రోజు పడవొక్కటే వచ్చి ఆవిడ ఇంటి ముందు ఇసుకలో ఆగింది.

"ఆయన్ని తేలేకపోయినా, నా జుట్టు పడవనైనా నా దగ్గరికి తెచ్చింది." నలభై ఏళ్లుగా ఆవిడ నోట ఇదే మాట. ఆ మాట మీదే బతికింది.

షిగెనో, ఆ దిమ్మలో ఏమీ లేదు.

అలా చూడకు. ఫోటోలో నువ్వెప్పుడూ అలాగే చూస్తావు, తెలుసులే.

అప్పట్లో ఆ పడవ కొత్తగా కట్టి, రేపు నీళ్లలోకి దింపాలనగా నీకు నొప్పులొచ్చాయి. నెల ముందే. పిల్ల పుట్టింది. పురుటి మైల ఉన్నవాడు పడవ ప్రాణాన్ని ముట్టుకోకూడదు. తొకుజోతో చెప్పి ముహూర్తం మార్చమనాలి. అప్పటికే చేపలు కోసేశారు, సాకే సారా పీపా తెరిచేశారు, చుట్టాలంతా దిగారు. నేను నోరు మూసుకున్నాను. తెల్లారగట్ల పోటులో ఖాళీ గుంట మీద మూత బిగించేశాను. మైల తీరాక తీసి పెడదాంలే అనుకున్నాను.

పదకొండో రోజున పిల్ల పోయింది. అప్పుడు చావు మైల. ఆ తర్వాత... ఆ తర్వాత పెట్టలేదంతే. తొకుజో రోజూ వేటకి వెళ్తున్నాడు, వస్తున్నాడు, మీరు పెట్టిన ప్రాణం గట్టిది మేస్త్రీ అని నవ్వుతున్నాడు. నాక్కూడా అందులో ఏదో ఉందనే అనిపించింది.

పడవ ఒట్టిగా తిరిగొచ్చిన రోజు, నా దగ్గరే ఉండిపోయిన ఫుసాయె జుట్టు పొట్లాం పొయ్యిలో వేశాను. కంపేమిటని నువ్వడిగావు. కుంచె కాలిందన్నాను. ఆ రోజు నీకు చెప్పిన అబద్ధం అది.

ప్రాణం పెట్టి ఉంటే కూసేదా? నాకు తెలీదు. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇప్పటికీ తెలీదు. తెలిస్తే ఏదో ఒక వైపు పడుండేవాణ్ణి.

నాలుగు నెలలు పని చేశాను. నేను దాచుకున్న దేవదారు పలకలన్నీ దానికే వాడేశాను. పక్కలు మార్చాను, అడుగు మార్చాను, కొయ్య మార్చాను. "ఏది మార్చినా సరే, ఆ దిమ్మ మాత్రం ఉంచండి" అని ఆవిడ రోజూ వచ్చి చెప్పేది. చివరికి పాత పడవలో మిగిలింది అదొక్కటే.

పోయిన వారం వచ్చి ఏమందో తెలుసా? "కొత్త కొయ్య దించే ముందు మూత తీస్తారుగా, అప్పుడు నా జుట్టు ఒక్కసారి చూపించండి. చూడకూడదని తెలుసు. ఈ వయసులో దేవుడు నన్ను కొత్తగా ఏం చేస్తాడు?"

చెప్దామనే నోరు తెరిచాను షిగెనో. ఒట్టు. ఆవిడ చేతులు చూశాను. తోట పోయినా గోళ్లలో నారింజ పసుపు పోలేదు. రేపు రా అమ్మా అన్నాను.

ఇంటికొచ్చి నీ పెట్టె తెరిచాను. దువ్వెనకి వచ్చిన జుట్టంతా పోగేసి సవరం కట్టుకున్నావే, అది. ఫోటోలో నువ్వు ముసలిదానివి. వయసులో ఉన్న నువ్వు నాకు ఆ సవరంలోనే మిగిలావు. వేలెడు కోశాను. పాత కాయితంలో చుట్టాను.

మర్నాడు ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుంది. "ఎంత నల్లగా ఉండేదాన్నో" అంది. తర్వాత తన చేత్తోనే మడిచి ఇచ్చింది. నేను దిమ్మలో పెట్టి మూత బిగించాను. ఈసారి ఏ మైలా లేదు. అబద్ధానికి మైల ఉందేమో నాకు తెలీదు.

ఇవాళ సాయంత్రం ఆ పడవలో వెళ్తుంది. నేను తెడ్డు వేస్తానన్నాను. వద్దంది. ఆ పడవ నన్నెరుగును, నన్ను భద్రంగా తీసుకొస్తుంది అంది. దిమ్మకి చెవి పెట్టి విని బయల్దేరతానంది.

ఏమని చెప్పను? అది నిన్నెరగదమ్మా, నా పెళ్లాన్నెరుగును అననా?

ఇందాక ఆవిడ వెళ్లాక ఒడ్డుకి పోయి నేనే చెవి ఆనించాను. కట్టిన పడవల్లో దేనికీ నేనెప్పుడూ ఆనించలేదు. ఏ చప్పుడూ లేదు. మంచి రోజనుకోవాలో, నీకు నా మీద కోపమొచ్చిందనుకోవాలో అర్థం కాలేదు.

తిట్టుకుంటే నన్ను తిట్టుకో. ఎలాగూ ఇవాళ నువ్వూ వెళ్లిపోతున్నావుగా. పోతూ పోతూ ఆ పడవెక్కి కూర్చో. గాలి తిరిగేట్టుంటే కాస్త కూయవే. నా మీద కోపం ఆవిడ మీద చూపించకు.

అన్నం చల్లారిపోతోంది. తిను.