విస్తరి ముందు అడిగిన పుస్తకం

కనకవల్లి దొడ్డమ్మ అని, తోడబుట్టినవాణ్ణి విస్తరి ముందు కూచోబెట్టి, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా పక్కింటి దడి దగ్గరికి పరిగెత్తింది చూడండి, ఆవిడ సంగతి చెప్తున్నాను. మా నాన్నగారికి వదినగారు. నేనింకా పుట్టలేదు. మా అమ్మ కళ్ళారా చూసింది, ఆవిడ చెప్పిందే నేను చెప్తున్నాను, నా కల్పన ఏమీ లేదు. మీరు వత్తులు చేసుకుంటూ వినండమ్మా, చేతులాపకండి. ఏమైందంటే, ఆ రోజు దీపావళి వెళ్ళిన విదియ. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినాల్సిన రోజు కదా. యమధర్మరాజంతటివాడే చెల్లెలింటికి భోజనానికెళ్ళి, ఏం కావాలో కోరుకోమ్మా అన్నాడంట. అందుకని మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, ఆడపడుచు కోరేదేదో తోడబుట్టినవాడి చెయ్యి విస్తట్లో ఉండగానే కోరెయ్యాలి. చెయ్యి కడిగేసుకున్నాక అడిగితే అది బతిమాలుకోవడం, విస్తట్లో ఉండగా అడిగితే హక్కు. ఇది మా మామ్మ పెట్టిన మాట. మామ్మంటే మా నాన్నగారి తల్లి, దొడ్డమ్మకి అత్తగారు, అచ్చియ్యమ్మగారు. ఆవిడ మాటంటే ఇంట్లో గుమ్మాలు కూడా వంగేవనుకోండి.

దొడ్డమ్మ తమ్ముడు గున్నేశ్వర్రావు మావయ్యకి అమలాపురం బస్టాండులో పుస్తకాల బంకు ఉండేది. ఏటా ఒక చీర తెచ్చేవాడంట. ఆ చీర రంగు కూడా మామ్మే ముందు కబురు పెట్టేది, మీ అక్కకి ముదురు రంగులు నప్పవు నాయనా, గంధం రంగు చూడు అని. దొడ్డమ్మ గంధం రంగు చీరలు కట్టీ కట్టీ గంధపు చెక్కలాగా అయిపోయిందని మా అమ్మ నవ్వేది. సరే, ఆ ఏడు మావయ్య చీర తేలేదు. చేతిసంచీలోంచి మూడు పుస్తకాలు తీసి పీట పక్కన పెట్టేడంట. ఏమన్నాడంటే, అక్కా, నీ పెట్లో చీరలకి చోటు లేదు, ఈసారి ఏడాది పొడుగునా వచ్చేదొకటి ఇస్తాను, ఈ మూడిట్లో ఏది కావాలో చెప్పు, రేపు పొద్దున్నే చందా కట్టేస్తాను, నెలనెలా పోస్టులో ఇంటికే వచ్చేస్తుంది అన్నాడు. మూడూ ఆడవాళ్ళ పుస్తకాలే. ఒకటి 'పసిడి గడప', వ్రతాలూ ముగ్గులూ వంటలూ. ఒకటి 'ముత్యాల పందిరి', అల్లికలూ కుట్లూ. మూడోది 'సొగసరి'. నున్నటి కాయితం, రంగు బొమ్మలు, చీర ఎలా కట్టుకోవాలి, జుట్టు ఎలా దువ్వుకోవాలి, ఇల్లెలా సర్దుకోవాలి, అన్నీ ఉంటాయి. అట్ట మీద చేతుల్లేని జాకెట్టు వేసుకున్న ఒకావిడ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతోందంట.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. దొడ్డమ్మకి ఏది కావాలో దొడ్డమ్మకి తెలుసు. సంచీలోంచి 'సొగసరి' అట్ట బయటికి రాగానే తెలుసు. కానీ ఎదురుగా మండువాలో మామ్మ కూచుని తులసిపూసల దండ తిప్పుకుంటోంది. ఆ చేతుల్లేని జాకెట్టావిణ్ణి చూపించి, నాకిది కావాలి అని అత్తగారి ముందు ఎలా అంటుంది? పుట్టి బుద్ధెరిగాక ఇది కావాలి అని అన్న మనిషి కాదాయె. అందుకని ఏం చేసిందంటే, ఎవరి నోటితోనైనా ఆ పేరు అనిపిద్దామని చూసింది. అలాగ మొదలైంది ఆవిడ తిరుగుడు.

ముందు తమ్ముడికి కంద బచ్చలి కూర వడ్డించి వంటింట్లోకొచ్చి మా అమ్మనడిగిందంట. ఏమే చెల్లీ, నువ్వైతే ఏది తీసుకుంటావు? మా అమ్మ అప్పటికి కొత్త కోడలు, గారెలు వేస్తోంది. 'పసిడి గడప' అక్కా, వంటలుంటాయి, అత్తయ్యగారు రోజూ చారులో ఏదో తక్కువైందంటున్నారు అంది. దొడ్డమ్మ, ఆఁ, అదీ మంచిదేలే అని గారెలు పట్టుకెళ్ళి తమ్ముడి విస్తట్లో వేసింది. వేసి, పుస్తకాలు మూడూ చంకన పెట్టుకుని పెరట్లోకి. దడి అవతల కుట్టుమిషను వరాలు బట్టలారేస్తోంది. వరాలూ, నువ్వు ఊళ్ళో అందరికీ జాకెట్లు కుడతావు కదా, ఈ మూడిట్లో ఏది మంచిదంటావే అంది. మనసులో ఏముందంటే, జాకెట్లు కుట్టే మనిషి కదా, 'సొగసరి' అంటుందని. వరాలు చెయ్యి తుడుచుకుని మూడూ తిరగేసి, 'ముత్యాల పందిరి' అమ్మగారూ, సందేహమే లేదు, ఇందులో కుట్లన్నీ గళ్ళు గీసి చూపిస్తాడు, ఆ రంగు బొమ్మలదుంది చూడండి, అది చూసి మనం చేసేదేముంది, ఆ జాకెట్టు కుట్టడానికి నేనెందుకు, చేతులు కోసేస్తే చాలు అందంట. దొడ్డమ్మ మొహం చిన్నబోయింది. గబగబా లోపలికొచ్చి పులిహోర వడ్డించింది.

ఖాళీ విస్తరి ముందు ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకుని కూచోకూడదు కదా. కోరిక తీరకుండా లేవకూడదు. కోరిక చెప్పే మనిషేమో ఇంటికీ పెరటికీ మధ్య కాలుగాలిన పిల్లిలాగా తిరుగుతోంది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి విస్తట్లో పడేసి వెళ్ళిపోతోంది. మావయ్య తింటున్నాడు, తింటున్నాడు, తింటున్నాడు. అక్కా, చెప్పవే. చెప్తాన్రా, ఈ పరవాన్నం తిను. అక్కా, రేవులో నేనెక్కాల్సిన లాంచీ మొదటి కూత వేసేసింది. వేస్తే వెయ్యనీ, ఇంకో రెండు కూతలుంటాయి కదా, పెరుగేసుకో. అక్కా, నాకు పెళ్ళైపోయింది కాబట్టి సరిపోయింది గానీ, ఇంతసేపు చెయ్యెండితే సంబంధాలు తప్పిపోతాయంటారు. ఆ మాటకి మా అమ్మ వంటింట్లో నోటికి చెంగడ్డం పెట్టుకుందంట. దొడ్డమ్మ మాత్రం నవ్వలేదు. వీధి గుమ్మంలోకెళ్ళి అటూ ఇటూ చూసింది, ఇంకెవరైనా అడగడానికి దొరుకుతారేమోనని. పండగ ఎండ, వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. కుక్కనడగలేదు కాబట్టి సరిపోయింది. మళ్ళీ లోపలికొచ్చి పుస్తకాలు మూడూ వరసలో పెట్టింది. తీసి వరస మార్చింది. 'సొగసరి' పైన పెట్టింది. మామ్మ వైపు చూసి దాన్ని అడుక్కి తోసేసింది. అంతలో లాంచీ రెండో కూత. తమ్ముడు లేవడానికన్నట్టు ఓ మోకాలు ఎత్తేడు. లేస్తే అయిపోయింది, మళ్ళీ ఏడు గంధం రంగు చీరే.

అప్పుడు మామ్మ పూసలు తిప్పడం ఆపి అందంట, అమ్మాయ్, పెరుగు గిన్నె అడుగు కనపడుతోంది, నువ్వు నోరు తెరిస్తే గానీ అబ్బాయి నోరు మూతపడేట్టు లేదు, ఇంతకీ నీకు ఏది కావాలో నిన్నెవరూ అడగలేదా? అడిగేడు కదత్తయ్యా, అంది దొడ్డమ్మ. అడిగితే చెప్పు మరి. దొడ్డమ్మ నేల చూపులు చూస్తూ, వినపడీ వినపడకుండా, సొగసరి, తమ్ముడూ, అందంట.

అడుగునున్నదే కదూ, ఆ చేతుల్లేని జాకెట్టావిడ పుస్తకం, అంది మామ్మ. ఎందుకే అది నీకు? దొడ్డమ్మ అప్పుడు చెప్పింది. ఎప్పుడో మిమ్మల్ని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాం కదత్తయ్యా, అక్కడ బల్ల మీదుంది ఈ పుస్తకం. అందులో ఒకావిడ తన ఇంట్లో తనకంటూ ఒక మూల ఎలా ఏర్పాటు చేసుకుందో రాశారు. ఒక కుర్చీ, ఒక కిటికీ, అంతే. ఆవిడ నాలాగే ఉంది, నా వయసే. నీలం చీర కట్టుకుంది. సగం చదివేను, తరువాయి చివరి పేజీల్లో అన్నారు, పేజీ తిప్పబోతుంటే మిమ్మల్ని లోపలికి పిలిచారు, వచ్చేసేను. ఆ తరువాత ఆవిడ ఏం చేసిందో నాకు తెలీదు. మూడేళ్ళైంది.

మావయ్య చెయ్యి విస్తట్లో అలాగే ఉంది. పాపం నిజం చెప్పాలి కదా, అక్కా, ఇప్పుడు చందా కట్టినా ఆ పాత పుస్తకం రాదే, వచ్చే నెలవే వస్తాయి, ఆ పేజీ మాత్రం నేను తేలేను అన్నాడంట. దొడ్డమ్మ ఏమందంటే, తెలుసురా, అది పోయింది, ఇకమీద వచ్చేవైనా చివరిదాకా చదువుకుంటాను, అంది. మామ్మ పూసలు కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. పెట్టి, ఆ ముక్క మొదటే అంటే పెరుగన్నా మిగిలేది, లే నాయనా, చెయ్యి కడుక్కో, లాంచీ వెళ్ళిపోతోంది, అని, ఆ చందా మా పెద్దబ్బాయి పేరున కట్టకు, పోస్టతను వాడి చేతికిస్తే అది పొలం గట్టున పడుంటుంది, మీ అక్క పేరునే కట్టు, అందంట.

పుస్తకం వచ్చింది, నెలనెలా వచ్చింది. దొడ్డమ్మ మధ్యాన్నం పనయ్యాక దక్షిణపు కిటికీ దగ్గర పీట వేసుకుని చదువుకునేది. ఏకాంతం మాత్రం ఎక్కడిది, మా అమ్మ పక్కన చేరేది, వరాలు దడి మీంచి మెడ చాచేది, ఆ చేతుల్లేని జాకెట్లని తిట్టుకుంటూనే వెనక మెడ ఎంత లోతో చూసుకునేది. కానీ పెదనాన్న దాహమని పిలిచినా, పాలేరు కేకేసినా, మండువాలోంచి మామ్మ అనేదంట, ఉండండ్రా, దాన్ని ఆ పేజీ అవ్వనియ్యండి అని. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా, పిలిచేవాళ్ళతో ఆ మాటే అంటాం, పేజీ అవ్వనియ్యి అని. అట్టలు చిరిగిన ఆ పుస్తకాలు కొన్ని నా దగ్గరున్నాయి. దేవుడి గూటి కింద అరలో పెట్టేను, తప్పేమో తెలీదు, స్వామి ఏమీ అనుకోలేదు ఇంతవరకూ.

ఇంకోటి కూడా మారింది మా ఇంట్లో. విదియ రోజు కోరే కోరికేదో విస్తట్లో పప్పు పడకముందే చెప్పెయ్యాలని మామ్మ ఆ సాయంత్రమే కొత్త రూలు పెట్టేసింది. మేమంతా అలాగే చెప్పేస్తున్నాం. అన్నదమ్ములు చప్పున తింటారు, చప్పున లేస్తారు, మోటారుసైకిళ్ళెక్కి వెళ్ళిపోతారు. పెరుగు మాత్రం ఏటా మిగిలిపోతూనే ఉందమ్మా.