ఇప్పచెట్లకు ఎర్ర రిబ్బన్లు

"అమ్మమ్మా, ఈసారి ఉరుకుడు పోటీకి కొత్త దారి గావాల్నంట. గుట్టలు, వాగు, గోదారి అన్నీ కనపడాలె. అట్లాంటి దారి ఏదన్న ఉంటే చెప్పవా? నీ మాటలు ఫోన్‌ల రికార్డు చేస్కుంట."

చెప్త తియ్. దారులకేం తక్కువ ఈడ. ముందుగాల నువ్వు ఇప్పుడు చూపిచ్చిన ఫొటో మళ్లొకపారి చూపియ్యి. పోయినేడు ఉరికిన్నాటిది. అవ్, గదే. ఇంకింత పెద్దగ జెయ్యి. ఈ వంకర మొద్దు... దాని పక్కన బండ... ఓసి నీ పాడుగాను! ఇవి ముత్తమ్మ ఇప్పచెట్లే! వీటికి ఎర్ర రిబ్బన్లు గట్టింది ఎవరు? నువ్వేనా?

నవ్వుకుంట చెప్తున్నది సూడు! "బాట మొత్తం నేనే మార్కు జేసిన" అంట. ఎందుకు ఆపుతున్నవ్, ఆపకు. నడవనియ్ రికార్డు. నేను తిట్టేది గూడ దాంట్ల పడనీ. పోటీ పెట్టే నీ హైద్రాబాదు కంపినోళ్లకు ఇనిపియ్యి, ఆళ్లకు గూడ చెవులున్నయి గదా.

ఉరుకుడంటే నాకు కోపం లేదు బిడ్డా. ఆడపిల్లవు ఉరుకుతున్నవంటే నేను సంబురపడ్డదాన్నే గదా. పోయినేడు ఉరికినందుకు ఇచ్చిన మెడల్ దెచ్చి నా మెడల ఏస్తే ఊరంత చూపిచ్చుకున్న. నేను గూడ ఉరికిందాన్నే ఆ వయసుల. మెడల్ లేదు, అరటిపండు లేదు, ఛాతి మీద నంబరు లేదు. కాళ్లకు చెప్పులే లేవు, ఇంక బూట్లేడియి?

మాది కల్లూరు దిక్కు, నీకు తెల్సు. పెండ్లి జేసి నన్ను ఈ అడివి అంచుకు దోలిన్రు. మీ తాత వాళ్ల నాయన అప్పటికే ఈడికొచ్చి చెలకలు పట్టిండు. కొన్నడో, ఎట్ల పట్టిండో, ఆ సంగతి ఆ ముసలాయనతోనే పోయింది. మా ఊర్ల అంతా వరి, చెరుకు. ఈడికొస్తే ఎటు జూసినా గుట్టలే. రాత్రయితే ఏవో కూతలు. ఏడ్చేదాన్ని. అత్తకేమో నోరు పెద్దది. అప్పుడు దొరికింది నాకు ముత్తమ్మ. వాగు అవతల కోయగూడెం ఆమెది. నా ఈడుదే. ఆమె నన్ను వదినా అనేది, నేను ఆమెను వదినా అనేదాన్ని. ఆళ్ల ఇంట్ల ఆళ్ల భాష, నాతోని తెలుగు. నాకు అడివి నేర్పింది ఆమెనే. ఏ గడ్డ తినొచ్చు, ఏ ఆకు ముట్టొద్దు, ఎలుగుబంటి ఎదురైతే ఎటు తప్పుకోవాలె, అన్నీ.

ఇప్పపూలు రాలే కాలమొస్తే తెల్లారకముందే ఉరుకుడు. పశువులు రాకముందే పోవాలె, పందులు రాకముందే పోవాలె. వాగుల ఇసుక సల్లగ ఉండేది, దాంట్ల పడి ఉరికి, టేకుచెట్ల నడుమకెల్లి గుట్టెక్కి, ఆ బండ కాడికి పోతే దూరాన గోదారి తెల్లగ కనపడేది. నువ్వడిగే సీనరీ అదే. మేము దాన్ని జూసుకుంట నిలబడితే ఇంటికాడ తన్నులు పడేటియి. అయినా నిలబడేటోళ్లం, ఊకె చెప్పొద్దు. ముత్తమ్మ పాట పాడేది. నాకు అర్థం గాకపోయేది గాని నవ్వొచ్చేది.

ఇప్పపువ్వు అంటే నీకు ఏం తెల్సు? లడ్డూల డబ్బ మీద బొమ్మ చూసినవ్, అంతే. ఆళ్లకు అది ఎండకాలం పంట. ఏరి, ఎండబోసి, సంతకు తోల్తే వానకాలమంతా బియ్యం, నూనె దానిమీదనే ఎల్లేది. నేను కొత్తగ వచ్చినప్పుడు సంతల షావుకారి సేరు ఉప్పు ఇచ్చి తట్టెడు పువ్వు గుంజుకునేటోడు. వాడి దుంప దెగ, ముత్తమ్మ వాణ్ని వాళ్ల భాషల తిడితే వాడు నవ్వుకుంట తలూపేటోడు, పొగుడుతున్నదనుకొని. ఎటో పోతున్న. ఏం చెప్తున్న? ఆఁ, చెట్లు.

ఇప్పచెట్టుకు కంచె ఉండదు బిడ్డా, పట్టా ఉండదు. కాని ప్రతి చెట్టు ఒక ఇంటిదే. పూలు రాలక ముందే పోయి చెట్టు కింద ఊడ్చి, ఎండాకు కాలబెట్టి, మొద్దుకు పాతచీర పేలిక గట్టుకుంటరు. ఆ పేలిక ఉంటే ఇంకోరు కింద పడ్డ పువ్వు ముట్టరు. ఆకలైనా ముట్టరు. ఇంక ఆ పేలిక మీద ఇంకోరు పేలిక గట్టిన్రనుకో, ఈ చెట్టు నీది గాదు, నాదని చెప్పినట్టు. అప్పుడు పాతోళ్లు పువ్వు ఏరొద్దు. పెద్దమనుషులను గూసోపెట్టి, గట్టినోళ్లను పిలిచి అడగాలె. తేలేదాక ఆ చెట్టు కింది పువ్వు ఎవరిది గాదు. గది ఆళ్ల పద్ధతి. మొగోళ్లు కొట్టుకోకుండ ఎన్ని తరాల నుంచి ఉన్నదో.

ఇప్పుడు అర్థమైందా నువ్వేం జేసినవో?

నిన్న మొన్నటిదాక గూడ నాకు ఏం తెల్వదు. పోయినేడు ఎండకాలం సంది ముత్తమ్మ మా ఇంటికి రాలే. నాకు జరమొచ్చి పండుకుంటే రాలే. సంతల ఎదురైతే కొంగు కప్పుకొని అటు తిరిగిపోయింది. నాకు మండింది! ఇన్నేండ్ల సోపతి, నేనేం జేసిన నీకు అని. నేను గూడ పోలే. పోనీ, ఎవరికి తక్కువ అనుకున్న. అడివిల ఏం జరిగిందో నాకెట్ల తెలుస్తది, ఈ మోకాళ్లు పోయినంక నేను గుట్టెక్కుడే బంద్ అయిపాయె.

ఇగ మొన్న సంతల ఆమె కోడలు దొరికితే కొంగు పట్టుకొని గుంజి అడిగిన. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు. "మా చెట్లకు మీ మనుమరాలు ఎర్రగుడ్డలు గట్టింది, నేను కండ్లార చూసిన. అత్త ఆ ఏడు పువ్వే ఏరలే" అన్నది. చెట్లన్ని! ఆమెకున్న చెట్లన్ని! పువ్వు రాలి రాలి, పశువులు తొక్కి, మిగిలింది కుళ్లిపాయెనట. పెద్దమనుషులల్ల పెట్టమని కొడుకు కొట్లాడిండంట. ముత్తమ్మ వద్దన్నది. ఎందుకు వద్దన్నది? పెడితే నన్ను పిలవాలె గదా! గూడెం నడుమ, పదిమంది ముందట నన్ను నిలబెట్టి, దొంగను అడిగినట్టు అడగాలె గదా! అది ఇష్టం లేక కడుపు కాల్చుకున్నది. నూకలు అప్పుదెచ్చి గంజి గాసుకున్నరంట వానకాలం. నేను ఈడ పప్పన్నం తినుకుంట ఆమెను తిట్టుకుంట కూసున్న.

నన్ను ఒక్క మాట అడగొచ్చు గదా ఆమె గూడ! ఆమె మీద గూడ నాకు కోపమే. నోరుండి ఎందుకు?

ఆ పొద్దే పోయిన. ఆటో దిగి, వాగు దాటలేక దాటి పోయిన. అరుగు మీద కూసున్నది, సన్నగ అయింది. నీళ్లు గూడ ఇయ్యలే. "మా భూములు పట్టిన్రు, ఊకున్నం. ఇంక చెట్లు గూడనా వదినా?" అన్నది. గట్టిగ గూడ అనలే. మెల్లగ అన్నది. "నా మనుమరాలు గట్ల జెయ్యదు, నీ కోడలు కండ్లు పోయినయి" అన్న. "నా మనుమరాలి మీద ఒట్టు" అనబోయిన. ఆమె లేసొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "పిల్ల మీద ఎయ్యకు, వద్దు, వద్దు" అన్నది. నేను ఇదిలిచ్చుకున్న. ఇదిలిచ్చుకొని మరీ ఏసిన. నా మనుమరాలు ఆ చెట్లు ముట్టలేదు, ముడితే అది నాకు దక్కదు అన్న.

గట్లన్న నేను. ఈ నోటితోని.

మూడు రోజుల సంది మురుస్తున్న, నోరు మూపిచ్చిన అని. ఇప్పుడు తెలుస్తున్నది, ఆమె ఎందుకు చెయ్యి పట్టుకున్నదో. ఆమెకు ఎరుక గదా ఒట్టు అబద్ధమని. అంత కోపంల గూడ నీకేమన్న అయితదని భయపడ్డది. నాకు లేకపాయె ఆ భయం.

నాకేం తెల్సు అమ్మమ్మా అనకు. తెల్వకపోతే అడగాలె! మొద్దుకు పాత పేలిక ఉన్నది, కింద ఊడ్చి ఉన్నది, అది ఎవరో మనిషి ఊడ్చిందే గదా, గాలి ఊడ్వలేదు గదా! ఆఫీసుల పర్మిషన్ దీస్కున్నరంట. ఎవరి పర్మిషన్? చెట్టు కింద చీపురు పట్టినామెను అడిగిన్రా? బస్సులేసుకొని వచ్చిన్రు, ఉరికిన్రు, ఫొటోలు దిగిన్రు, పోయిన్రు. రిబ్బన్లు విప్పేటందుకు ఒక్కరికి చేతులు రాలే. వానలు పడేదాక ఏలాడినయంట. ఇగ ఈ ఏడు ఇంకో దారి గావాలె, ఇంకా మంచిగ గోదారి కనపడాలె! ఎవరి చెట్ల కిందికెల్లి?

ఏడ్వకు. నాకు ఏడుపు జూస్తే ఇంక మండుతది. లే. మొఖం కడుక్కో. ఆటోకు ఫోన్ జెయ్యి. ఇప్పుడే పోదాం. నువ్వే చెప్పాలె, నీ నోటితోని, ఆ కోడలు ముందట, గూడెం ముందట. నేను గట్టిన, మా అమ్మమ్మకు తెల్వదు అని. పెద్దమనుషులను పిలిపిద్దాం. నన్ను నిలబెట్టనీ. ఆమె పువ్వుకు ఏం కట్టియ్యాల్నో ఆళ్లు చెప్పినంత కట్టిస్త, ఒక్క మాట బేరమాడ. ఆమె తిడితే పడు. నన్ను తిడితే నడుమకు రాకు.

దారి సంగతా? ఆమెనే అడుగు, ఆమె సరేనంటే ఉరుకుండ్రి. వద్దంటే ఉరుకుడు లేదు, గంతే. నీ కంపినోళ్లను రోడ్డు మీద ఉరకమను.

ఇగ ఇంకొక్క మాట ఇను. అంతా అయినంక ఆమె కాళ్లు మొక్కు. పైకి లేవకు. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టేదాక లేవకు. సల్లగుండు బిడ్డా అని ఎప్పుడొచ్చినా నేనే అనేదాన్ని గదా నీకు, ఇయ్యాల నేను అనను. ఒట్టు ఏసిన నోరు ఇది, ఇది దీవిస్తే నీకు తాకదు. ఆమె అనాలె. అంటదో అనదో... చెప్పులు ఏస్కో, పా.