గుర్రం తోక ముడి

“ఆ మామిర్‌బెక్ గాడు కట్టిన పెళ్లిహాల్లోకి నా కూతురు సింగారించుకుని వెళ్లాలా?”

“పెళ్లి నా స్నేహితురాలిది నాన్నా, ఆయనది కాదు. అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. ఈ జుట్టు కాస్త నువ్వే పైకి ముడేసిపెట్టు.”

బత్కెన్ ఊళ్లో పొద్దు వాలుతోంది. ఇరవయ్యేళ్లు గుర్రమెక్కి మేక కళేబరం కోసం కొట్లాడే ఉలాక్ ఆటలో పెనుగులాడిన ఆ తండ్రి చేతులకు దువ్వెన పట్టడం కొత్త.

“నాకొచ్చింది ఒకటే ముడి. ఆటకి ముందు గుర్రం తోకకి వేసేది.”

“నేనేమన్నా గుర్రాన్నా?”

“గుర్రమైతే ఇంతసేపు వాగదు. తల కదపకు. గట్టిగా మెలితిప్పి, చుట్టచుట్టి, కొస లోపలికి దోపెయ్యడమే. పిన్నులు కూడా అక్కర్లేదు.”

“పెళ్లిలో డాన్సు ఆడుతుంటే ఊడిపోతేనో? నలుగురిలో నవ్వులపాలవుతాను.”

“నలభై గుర్రాలు ఒకదానిమీదొకటి పడ్డప్పుడే నా ముడి ఊడలేదు. ఇప్పుడు ఊడుతుందా? చూసుకో అద్దంలో.”

“అబ్బ! మెడ ఎంత పొడుగ్గా ఉందో! మరి వెళ్లనా? కోపం లేదుగా?”

“నీ మీదెందుకే కోపం? దొంగ కాగితాలు పుట్టించి మన ఆప్రికాట్ తోట లాక్కున్నది వాడు. చెట్లు నరికి, అక్కడే ఆ హాలు లేపాడు. నువ్వెళ్లు. మూలన మాత్రం కూర్చోకు. తలెత్తుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆడు.”

“హాలంతానా?”

“అంతా. ఒక్క అడుగు కూడా వదలకుండా తొక్కిరా. వాడు మన దగ్గర కాజేసింది సరిగ్గా పన్నెండు సోత్కాలు, పన్నెండొందల చదరపు మీటర్ల నేల.”